నోటి ఒప్పుకోలు, సంఘం అంగీకారం: సీమ చర్చిల్లో క్రైస్తవ విశ్వాస ప్రార్థనలు

సంక్షిప్తంగా

క్రైస్తవ విశ్వాసాన్ని నోటితో ప్రకటించే ప్రార్థనలన్నీ ఒకే రకానివి కావు. బాప్తిస్మ సమయంలో అడిగే ప్రశ్నలకు ఇచ్చే జవాబు, ఆదివారం ఆరాధనలో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం, సువార్త సభలో ప్రసంగీకుని వెంట పలికే రక్షణ ప్రార్థన వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఆంగ్లికన్, లండన్ మిషన్, బాప్టిస్టు, కథోలిక సంప్రదాయాలు పక్కపక్కనే వేళ్లూనడం వల్ల వీటి మధ్య తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వీటిలో ఏ ప్రార్థనా తనంతట తానే మనిషిని సంఘ సభ్యుణ్ణి చేయదు. చట్టం చూసేది కూడా ప్రార్థన పాఠాన్ని కాదు, బహిరంగ ప్రకటననూ నడవడికనూ.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

కర్నూలులో ఒకే ఇంటి బంధువులు ఆదివారం పూట ఒకరు కథోలిక దేవాలయానికి, ఒకరు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చికి, ఒకరు బాప్టిస్టు సంఘానికి, ఇంకొకరు అద్దె హాలులో నడిచే పెంతెకోస్తు సహవాసానికి వెళ్లడం వింతేమీ కాదు. మొదటి రెండు చోట్ల ప్రసంగం ముగిశాక జనమంతా లేచి నిలబడి విశ్వాస ప్రమాణాన్ని ఒకే గొంతుతో చెబుతారు. బాప్టిస్టు సంఘంలో ఆ పాఠం సాధారణంగా వినిపించదు, దాని స్థానంలో ఎవరైనా లేచి తాను ఎలా రక్షణ పొందిందీ సాక్ష్యం చెబుతారు. పెంతెకోస్తు హాలులో ప్రసంగం చివర పాస్టరుగారు కళ్లు మూసుకోమని చెప్పి, ప్రభువును అంగీకరించదలచినవారు చెయ్యెత్తాలని కోరి, "నా వెంట చెప్పండి" అంటూ చిన్న ప్రార్థన ఒకటి మాట మాటగా పలికిస్తారు.

ఇక్కడే ప్రశ్నలు పుడతాయి. ప్రమాణం చెప్పని సంఘం నమ్మకంలో తక్కువదా? సభలో చెయ్యెత్తి నాలుగు మాటలు పలికినవాడు ఆ క్షణం నుంచే క్రైస్తవుడైనట్టా? చిన్ననాడు నీళ్లు చల్లించుకున్నవాడు పెద్దయ్యాక మళ్లీ ఒప్పుకోవలసిన పని ఉందా? పెళ్లి మాటలప్పుడు, కుల ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చినప్పుడు, అంత్యక్రియలు ఏ పద్ధతిలో జరపాలన్న చర్చ ఇంట్లో వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేదాంత చర్చలుగా మిగలవు, ఇంటి సమస్యలవుతాయి.

ఈ మధ్య రెండు పరిణామాలు ఈ విషయాన్ని మళ్లీ వార్తల్లోకి తెచ్చాయి. విశ్వాస ప్రమాణానికి పునాది వేసిన నైసియా సభ జరిగి 2025 నాటికి 1700 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా 2025 నవంబర్ 28న పోప్ లియో 14 టర్కీలోని ఇజ్నిక్‌కు, అంటే నాటి నైసియాకు వెళ్లి, తూర్పు ఆర్థడాక్స్ సంఘాల పెద్ద అయిన కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తొలొమయితో కలిసి ప్రార్థించారు. మరో వైపు మతాన్ని ప్రకటించడం అంటే ఏమిటన్న ప్రశ్నపై 2024, 2025లలో వెలువడిన కోర్టు తీర్పులు రాయలసీమ పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాలకు నేరుగా తగిలాయి.

నీళ్లలో నిలబడి ఇచ్చిన జవాబు

విశ్వాస ప్రకటన క్రైస్తవులు కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. "ఇశ్రాయేలూ, వినుము" అని మొదలయ్యే ద్వితీయోపదేశకాండపు మాటలతో యూదులు ఉదయం, సాయంత్రం దేవుడొక్కడేనని ప్రకటించేవారు, నేటికీ ప్రకటిస్తున్నారు. ఆ వాతావరణంలో పెరిగిన తొలి శిష్యులు దానికి జతచేసిన ప్రకటన చాలా చిన్నది: యేసు ప్రభువు. చక్రవర్తినే ప్రభువుగా కొలిచే రోమా సామ్రాజ్యంలో ఈ రెండు మాటలు పలకడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పౌలు రోమీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయంలో నోటి ఒప్పుకోలునూ హృదయ విశ్వాసాన్నీ విడదీయకుండా జతగా చెప్పిన సందర్భం ఇదే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో క్రీస్తు మరణం, సమాధి, పునరుత్థానం అనే వరుసను తాను ఇతరుల నుంచి అందుకొని అప్పగించిన సంగతిగా ఆయన పేర్కొన్నాడు కాబట్టి, పత్రికలు రాయడానికి ముందే ఇలాంటి పాఠాలు నోటి మీద ఉన్నాయని పండితులు భావిస్తారు.

దీర్ఘమైన ప్రమాణం రూపుదిద్దుకున్న చోటు ఆరాధన వేదిక కాదు, బాప్తిస్మపు నీళ్లు. మూడో శతాబ్దపు రోమా సంఘ పద్ధతిని తెలిపేదిగా హిప్పోలితు పేర చెలామణి అయిన క్రమం ప్రకారం, బాప్తిస్మం కోరినవాడు మూడేళ్ల దాకా ఉపదేశం విన్న తర్వాత నీళ్లలోకి దిగుతాడు. తండ్రియైన దేవుని నమ్ముతున్నావా అని అడిగితే నమ్ముతున్నానంటాడు, ఒకసారి ముంచుతారు. కుమారుని గురించి అడుగుతారు, రెండోసారి ముంచుతారు. పరిశుద్ధాత్మ గురించి, సంఘం గురించి అడిగి మూడోసారి ముంచుతారు. నేడు అపొస్తలుల విశ్వాస ప్రమాణంగా చెప్పుకునే పాఠానికి మూడు భాగాలుండటానికి కారణం ఈ మూడు ప్రశ్నలే. పన్నెండుగురు అపొస్తలులు తలా ఒక వాక్యం చెప్పగా ఇది తయారైందన్న కథ నాలుగో శతాబ్దం చివరికే వ్యాపించింది గానీ, 15వ శతాబ్దంలో లొరెంజో వల్లా వంటి విద్వాంసులు దాన్ని ప్రశ్నించారు. ఇప్పుడు మనం వినే రూపం ఎనిమిదో శతాబ్దానికి స్థిరపడింది.

ఆ కాలంలో ఈ పాఠాన్ని కాగితం మీద రాయనిచ్చేవారు కాదు. యెరూషలేము బిషప్పు సిరిల్, ఆ తర్వాత ఉత్తర ఆఫ్రికాలో అగస్టీను, బాప్తిస్మానికి సిద్ధపడేవారికి ప్రమాణాన్ని కంఠస్థం చేసుకొమ్మనే బోధించారు. సంఘం నోట విని నేర్చుకోవాలి, కొన్నాళ్లకు సంఘం ముందు తిరిగి ఒప్పజెప్పాలి. ఆ ఒప్పజెప్పడం పూర్తయితేనే నీళ్లలోకి అనుమతి. చదువురాని జనం ఎక్కువగా ఉన్న సమాజంలో ఒక మతం తన సారాన్ని తరతరాలకు అందించిన తీరు ఇది. వందల ఏళ్ల తర్వాత సీమ పల్లెల్లో మిషనరీలు, ఉపదేశులు అనుసరించిన తీరు కూడా దాదాపు ఇదే.

ఇంత క్లుప్తమైన పాఠంలో ఒక రోమా అధికారి పేరు నిలిచిపోవడం చాలామందికి విచిత్రంగా తోస్తుంది. దేవుడు, కుమారుడు, ఆత్మ, కన్యక మరియ పేర్ల సరసన పొంతి పిలాతు ఎందుకు ఉండాలి? ఆయన్ను గౌరవించడానికి కాదు. యేసును సిలువ వేయమని ఆజ్ఞాపించిన పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 దాకా యూదయను పాలించాడు. ఆయన పేరు చేర్చడంతో ఆ సిలువ మరణం పురాణకాలపు ఘటనగా కాక, ఫలానా పాలకుని కాలంలో ఫలానా ప్రాంతంలో జరిగిన సంగతిగా నిలుస్తుంది. ప్రమాణంలో చర్చకు ఏమాత్రం తావివ్వని మాట బహుశా ఇదొక్కటే.

నైసియా: ఒప్పుకోలు సరిహద్దుగా మారిన వైనం

325లో చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలుపు మీద దాదాపు మూడు వందల మంది బిషప్పులు నైసియాలో సమావేశమయ్యారు. కుమారుడు తండ్రి చేత సృష్టించబడినవాడని, ఆయన లేని కాలం ఒకటి ఉండేదని అలెగ్జాండ్రియా బోధకుడు ఏరియస్ చెప్పడం తూర్పు ప్రాంతపు సంఘాలను చీల్చింది. రెండు పక్షాలూ ఒకే లేఖనాలను చూపుతూ వాదించడంతో, లేఖనంలో ఆ రూపంలో లేని ఒక తాత్విక పదాన్ని వాడి, కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని సభ తేల్చింది. ఈ పదం మీద తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా వాదోపవాదాలు సాగాయి. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన విస్తృత పాఠమే నేడు ఆరాధనలో నైసియా ప్రమాణంగా చెప్పుకునేది.

బాప్తిస్మపు జవాబుకు, నైసియా ప్రమాణానికి పని వేరు. మొదటిది సంఘంలోకి అడుగుపెట్టే మనిషి ఇచ్చే మాట. రెండోది రెండు పొలాల మధ్య పాతిన గట్టు రాయి వంటిది, ఇటు నిలబడ్డవారెవరో అటు నిలబడ్డవారెవరో చెబుతుంది. అందుకే దాని చివర తొలి పాఠంలో శాపవాక్యాలు కూడా ఉండేవి, ఆరాధనలో వాడే రూపంలో అవి లేవు. సభ పాఠం "మేము నమ్ముతున్నాము" అని బహువచనంలో మొదలైతే, ఆరాధనలోకి వచ్చాక చాలా సంఘాల్లో అది "నేను" అయింది.

సరిహద్దు రాయి తర్వాత కొత్త తగాదాలకూ కారణమైంది. పరిశుద్ధాత్మ తండ్రి నుండి బయలుదేరుతాడన్న చోట పడమటి సంఘాలు "కుమారుని నుండియు" అని చేర్చాయి. రోమాలో 1014 నాటికి ఆరాధనలో ఈ రూపం చేరింది. 1054లో తూర్పు, పడమర సంఘాల మధ్య బయటపడిన చీలికకు చెప్పే కారణాల్లో ఈ చేర్పు ఒకటి. తెలుగు నాట కథోలికులు, ఆంగ్లికన్ మూలాలున్నవారు పడమటి రూపాన్నే అందుకున్నారు కాబట్టి ఇక్కడి సామాన్య విశ్వాసికి ఈ వివాదం దాదాపు తెలియదు.

సీమకు వచ్చిన దారులు

రాయలసీమలో విశ్వాస ప్రమాణం గతిని నిర్ణయించింది ఎక్కువగా మిషన్ల స్వభావమే. ముందుగా వచ్చినవారిలో జెసూట్‌లనే కథోలిక సన్యాసి సంఘానికి చెందిన ఫ్రెంచివారు ఉన్నారు. 18వ శతాబ్దపు తొలి దశకాల్లో కర్ణాటక మిషన్ పేర అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం వంటి చోట్ల వారు స్థావరాలు ఏర్పరిచారు. ఆ పని తర్వాత క్షీణించినా, దాని కొనసాగింపు తెలుగు కథోలికుల్లో మిగిలింది. కర్నూలు కథోలిక మేత్రాసనం (ఒక బిషప్పు పాలన కింద ఉండే ప్రాంతం) 1967లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. కర్నూలు మేత్రాసనం బిషప్పుగా పనిచేసిన పూల అంతోని 2022లో తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. రెండో వాటికన్ సభ (1962–65) దాకా పూజలో ప్రమాణం లాటిన్‌లోనే పాడేవారు. ఇంటి ప్రార్థనల్లో తెలుగులో పలికిన పాఠం పూజలోనూ తెలుగులో వినిపించడం ఆ తర్వాతి సంగతి. క్రిస్మస్ పూజలో, దేవుడు మనుష్యావతారమెత్తాడన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి గుడి నిండా ఉన్న జనం ఒక్కసారిగా మోకరిస్తారు. మిగతా ఆదివారాల్లో అదే చోట తల వంచుతారు. పాఠం ఒకటే, శరీరం చేసే పని పండుగను బట్టి మారుతుంది. ఈస్టర్ జాగరణ రాత్రి వెలిగించిన కొవ్వొత్తులతో నిలబడి, సైతానును విసర్జిస్తున్నారా, దేవుని విశ్వసిస్తున్నారా అన్న ప్రశ్నలకు జవాబిస్తూ తమ జ్ఞానస్నానపు మాటను కొత్తగా ఇచ్చుకుంటారు. రోమా నీళ్ల నాటి పద్ధతికి నేటి సీమలో అత్యంత దగ్గరగా ఉన్న ఆచారం ఇదే.

ప్రొటెస్టెంటుల్లో రెండు భిన్నధ్రువాలు ఇక్కడ కలిశాయి. 1822లో కడపలో పని మొదలుపెట్టి, తర్వాత గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం వైపు విస్తరించిన లండన్ మిషనరీ సొసైటీకి కాంగ్రిగేషనల్ నేపథ్యం, అంటే ప్రతి స్థానిక సంఘమూ తన వ్యవహారాలు తానే చూసుకునే సంప్రదాయం, ఎక్కువ. ఆ సంప్రదాయం లిఖిత ప్రమాణాన్ని సభ్యత్వానికి పరీక్షగా పెట్టడాన్ని అంగీకరించదు. ఫలానా సంఘ విధానాన్ని కాక సువార్తను మాత్రమే అందించాలని ఆ సొసైటీ 1796లోనే తీర్మానించుకుంది. అటు ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాల్లో స్థిరపడినది ఎస్.పి.జి. (సువార్త ప్రచార సొసైటీ) అనే ఆంగ్లికన్ మిషన్. అక్కడ ప్రార్థనల పుస్తకమే ఆరాధనకు వెన్నెముక, అందులో అపొస్తలుల ప్రమాణం, నైసియా ప్రమాణం రెండూ నిత్య పాఠాలు.

సిద్ధాంతంలో ఇంత దూరమున్నా పల్లెలో ఉపదేశి చేసే పని మాత్రం ఇంచుమించు ఒకేలా ఉండేది. పగలంతా పొలం పనికి వెళ్లి చీకటిపడ్డాక మాలపల్లిలోనో మాదిగపల్లిలోనో చేరిన జనానికి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటి పాఠంగా చెప్పించేవారు. "పుట్టెను", "దిగెను", "లేచెను", "ఎక్కెను" అని ఒకే తీరుగా ముగిసే వాక్యాలు వరుసగా రావడం వల్ల అక్షరం రానివారికి కూడా ప్రమాణం పద్యంలా నోటికి పట్టేది. ఈ రోజుకీ ఆ గ్రాంథిక రూపాన్ని మార్చడానికి సంఘాలు ఇష్టపడకపోవడానికి కారణం ఛాందసం కాదు. ముసలమ్మలు పుస్తకం లేకుండా చెప్పగలిగే పాఠాన్ని వాడుకభాషలోకి మారిస్తే వారి నోటి నుంచి దాన్ని లాగేసినట్టే అవుతుంది.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ రెండు ధ్రువాలనూ ఒక చోటికి తేవలసి వచ్చింది. ఐక్యతకు ఆధారంగా తయారైన పత్రంలో అపొస్తలుల, నైసియా ప్రమాణాలను విశ్వాసానికి సాక్ష్యంగా, రక్షణగా అంగీకరించారు. అయితే అందులోని ప్రతి మాటకూ ప్రతి వ్యక్తీ సమ్మతి తెలపాలని కోరడం లేదని, సహేతుకమైన వ్యాఖ్యాన స్వేచ్ఛను కాదనడం లేదని, ఆ ప్రమాణాలే విశ్వాసానికి సంపూర్ణ రూపమని చెప్పడం లేదని కూడా అక్కడే గమనికగా చేర్చారు. ఈ గమనిక రాజీ మాటలా కనిపించవచ్చు గానీ, నిజానికి అది ప్రమాణాన్ని పరీక్ష స్థానం నుంచి సాక్ష్యం స్థానానికి మార్చిన నిర్ణయం. కడప, గుత్తి సంఘాలు నేడు నిస్సంకోచంగా ప్రమాణం చెప్పడానికి దారి తీసింది ఇదే. నంద్యాల ఆంగ్లికన్లలో పెద్ద భాగం మాత్రం, ముఖ్యంగా బిషప్పుల పరంపర, గురుత్వాభిషేకాల విషయంలో ఉన్న అభ్యంతరాలతో, ఐక్య సంఘంలో చేరకుండా ఆంగ్లికన్ సంఘంలోనే నిలిచారు. 1975లో నంద్యాల డయాసిస్‌గా వారు సి.ఎస్.ఐ.లో చేరారు. ఒకే ప్రమాణాన్ని చెప్పే రెండు వర్గాలు దాదాపు మూడు దశాబ్దాలు దూరంగా ఉన్న ఈ చరిత్రను బట్టి, ప్రమాణంలో ఏకాభిప్రాయం ఒక్కటే సంఘాలను కలపదని అర్థమవుతుంది.

ధాత కరువు నేర్పిన జాగ్రత్త

బాప్టిస్టులు ఈ ప్రాంతానికి తెచ్చినది మరో తర్కం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకోగల వయసు వచ్చినవారినే, సంఘం ముందు సాక్ష్యం చెప్పించి, ప్రశ్నించి, చెరువులోనో కాలువలోనో చర్చిలో కట్టిన తొట్టిలోనో పూర్తిగా ముంచుతారు. అలాంటి సంఘానికి ప్రతి బాప్తిస్మమూ కొత్తగా పలికిన విశ్వాస ప్రమాణమే కాబట్టి, ప్రతి ఆదివారమూ ఒకే పాఠం వల్లించడం అవసరమనిపించదు. ప్రమాణం వినిపించకపోవడానికి నమ్మకం కొరవడటం కారణం కాదు, ఒప్పుకోలును వేరే చోట పెట్టుకోవడం కారణం.

ఒప్పుకోలు వెనుక ఉద్దేశం ఏమిటన్న ప్రశ్న తెలుగు నాట అత్యంత తీవ్రంగా ముందుకు వచ్చింది 1876–78 నాటి ధాత కరువులో. కర్నూలు, కడప, అనంతపురం తాలూకాలు తీవ్రంగా దెబ్బతిన్న కరువు అది. పక్కనే ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి పని ఇప్పిస్తూ, ఆ సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. అన్నం కోసం నోటితో ఒప్పుకున్నారన్న మాట రాకూడదన్నది ఆయన జాగ్రత్త. కరువు సహాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఒక్కొక్కరినీ ముందుగా ప్రశ్నించి, వారి ఊరి ఉపదేశుల మాట విన్న తర్వాతే నీళ్లలోకి దింపారు.

ఈ ఘటనను కొందరు సంఖ్య కోసం చెబుతారు. ఈ చర్చకు అంతకంటే ముఖ్యమైనది ఆ ముందటి నిరీక్షణ. మాట చెప్పేవాడికి ఆ మాట వల్ల తక్షణ లాభం లేని స్థితిని కల్పించి, అప్పుడు కూడా చెబుతాడా అని చూడటమే ఒప్పుకోలును పరీక్షించడానికి సంఘానికి అందుబాటులో ఉన్న ఒకే ఒక్క సాధనం.

"నా వెంట చెప్పండి"

నేడు సీమలో జనానికి ఎక్కువగా తెలిసిన ఒప్పుకోలు నైసియాది కాదు, సభలో చెప్పించే రక్షణ ప్రార్థన. పాపినని ఒప్పుకోవడం, యేసు తన కోసం చనిపోయి లేచాడని నమ్మడం, తన హృదయంలోకి రమ్మని పిలవడం అనే మూడు మెట్లు అందులో ఉంటాయి. లూకా సువార్త 18వ అధ్యాయంలో సుంకరి రొమ్ము కొట్టుకుంటూ చేసిన ప్రార్థనను దీనికి మూలంగా చూపుతారు. ఆ ఆత్మ పాతదే గానీ, సభలో అందరి చేత ఒక పాఠంగా చెప్పించే పద్ధతి మాత్రం కొత్తది.

దాని పుట్టుక అమెరికా ఉజ్జీవ సభల్లో ఉంది. 1830లలో చార్లెస్ ఫిన్నీ, మనసు కదిలినవారు ముందుకు వచ్చి కూర్చోవడానికి ప్రత్యేకంగా బల్ల వేయించాడు. ఆ శతాబ్దం రెండో సగంలో డి.ఎల్. మూడీ, ప్రసంగం తర్వాత విడిగా మాట్లాడే గదిని ఏర్పరిచాడు. 20వ శతాబ్దంలో బిల్లీ గ్రాహం మహాసభలు నిర్ణయం అనే భావనను ప్రపంచమంతటికీ చేరవేశాయి. క్యాంపస్ క్రూసేడ్ అనే సువార్త సంస్థ స్థాపకుడు బిల్ బ్రైట్ కూర్చిన నాలుగు ఆత్మీయ నియమాల చిన్న పుస్తకం చివర అచ్చు వేసిన ప్రార్థన అనేక భాషల్లోకి వెళ్లింది. కరపత్రాలు, రేడియో ప్రసంగాలు, మైదానాల్లో సువార్త మహాసభలు, ఇప్పుడు యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాలు ఈ రూపాన్ని పల్లె పల్లెకూ చేర్చాయి.

ఇది ఎందుకింత త్వరగా పాకిందంటే, దీనికి మూడేళ్ల ఉపదేశం అక్కర్లేదు, సంఘ పుస్తకం అక్కర్లేదు, గురువు కూడా తప్పనిసరి కాదు. వలసపోయి బెంగళూరులోనో హైదరాబాదులోనో భవన నిర్మాణ పనిలో ఉన్న మనిషి ఫోనులో విని పలకవచ్చు. అప్పుల్లో, రోగంలో, కుటుంబ కలహంలో ఉన్నవారికి అది ఆ క్షణాన చేయగలిగిన పని. ఈ అందుబాటును తేలిగ్గా తీసివేయడం అన్యాయం.

బలం ఉన్న చోటే బలహీనత కూడా ఉంది. చెయ్యెత్తినవారిని లెక్కపెట్టి రక్షింపబడినవారి సంఖ్యగా చెప్పే అలవాటు సభలకు వచ్చింది. ప్రార్థన పలికిన మనిషి ఆ తర్వాత ఏ సంఘంలోనూ కనిపించకపోయినా ఆ సంఖ్య తగ్గదు. ఈ విమర్శ బయటివారిది మాత్రమే కాదు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్‌లో 2012లో దీని మీదే బహిరంగ చర్చ జరిగింది. పశ్చాత్తాపం, విశ్వాసం వ్యక్తమయ్యే లేఖనానుసారమైన రూపంగా ఆ ప్రార్థనను సమర్థిస్తూనే, దాన్ని మంత్రంలా వాడకూడదని ఆ సభ తీర్మానించింది.

పెంతెకోస్తు సంఘాలే ఇందులో దిద్దుబాటు చూపడం గమనించదగినది. రక్షణ ప్రార్థన చెప్పిన మనిషిని వెంటనే ప్రభువు బల్లకు రానివ్వరు. కొన్ని వారాల బోధ, సంఘం ముందు సాక్ష్యం, నీటి బాప్తిస్మం అయ్యాకే రొట్టె, ద్రాక్షారసం అందిస్తారు. పేరు మారినా పాత రోమా క్రమం తిరిగి వచ్చినట్టే.

కలిమాతో పోల్చితే

కడప, కర్నూలు వంటి పట్టణాల్లో ముస్లింల పొరుగున జీవించేవారికి కలిమా పరిచితమే. అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ ఆయన సందేశహరుడని మనస్ఫూర్తిగా పలకడంతో ఇస్లాంలో ప్రవేశం జరుగుతుంది. క్రైస్తవ ఒప్పుకోలు కూడా అలాంటిదేనని చాలామంది అనుకుంటారు, కానీ దాని నిర్మాణం వేరు. కలిమాలో పలకడమే ప్రవేశం. క్రైస్తవంలో పలకడం ఒక భాగం, సంఘం నీళ్లతో స్వీకరించడం రెండో భాగం. మొదటిదాన్ని మనిషి తనకు తానుగా చేయగలడు, రెండోదాన్ని తనకు తాను చేసుకోలేడు, మరొకరు చేయాలి. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో వరుస తలకిందులై, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు ముందు ఒప్పుకుంటే, పిల్లవాడు కన్ఫర్మేషన్ నాడు తన నోటితో ఆ మాటను తనదిగా చేసుకుంటాడు. కన్ఫర్మేషన్ తరగతుల్లో విశ్వాస ప్రమాణం ఒప్పజెప్పమనడం అందుకే.

చట్టం ఏం చూస్తుంది

సంఘం లోపల ఇంత సూక్ష్మంగా ఉన్న విషయం ప్రభుత్వ రికార్డుల్లోకి వచ్చేసరికి ఒక్క ప్రశ్నగా కుదించుకుపోతుంది: ఈ మనిషి ఏ మతాన్ని అవలంబిస్తున్నాడు? 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం, 1956 సవరణతో సిక్కు మతం, 1990 సవరణతో బౌద్ధం తప్ప మరో మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులస్థులుగా పరిగణనలోకి రారు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని, వారి సంతానాన్ని బి.సి.–సి వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. సీమ క్రైస్తవుల్లో అత్యధికుల మూలాలు మాల, మాదిగ కుటుంబాల్లో ఉన్నాయి కాబట్టి, విశ్వాస ప్రకటన ఇక్కడ చదువు, ఉద్యోగం, రక్షణ చట్టాలతో ముడిపడిపోయింది.

అవలంబించడం అంటే ఏమిటన్నదాని మీద 1960లలోనే పంజాబ్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. మనసులో నమ్మితే చాలదు, బహిరంగంగా ప్రకటించాలి. అలా ప్రకటించాక, అది నిజమా కాదా అని మనసులోకి తొంగిచూడనక్కర్లేదు. మతం మారడానికి ఫలానా కర్మకాండ తప్పనిసరి కాదని, నిజమైన ఉద్దేశమూ దానికి తగిన నడవడికా ఉంటే చాలునని పెరుమాళ్ నాడార్ కేసులో అదే కోర్టు చెప్పింది. 2024 నవంబర్ 26న సెల్వరాణి కేసులో, బాప్తిస్మం పొంది, క్రమంగా చర్చికి వెళ్తూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం చెల్లదని, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతాన్ని చూపడం రాజ్యాంగ లక్ష్యానికి విరుద్ధమని పేర్కొంది. 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి షెడ్యూల్డు కులాల అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పు ఇచ్చింది. ఈ విధానం పట్ల దళిత క్రైస్తవుల అభ్యంతరం సూటిగా ఉంది: మతం మారినా ఊళ్లో కులం మారలేదు, వివక్ష ఆగలేదు. మతం మారిన దళితులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వవచ్చా అన్నది పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.

ఈ తీర్పుల వరుసలో సభలో చెప్పిన రక్షణ ప్రార్థనకు విడిగా విలువ లేదు, ఆదివారం చెప్పే ప్రమాణానికీ లేదు. బాప్తిస్మ రిజిస్టరులో పేరు, క్రమమైన హాజరు, సంఘంలో బాధ్యత, పెళ్లి జరిగిన పద్ధతి వంటివి మాత్రం సాక్ష్యాలుగా నిలుస్తాయి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కూడా క్రైస్తవులంటే క్రైస్తవ మతాన్ని అవలంబించేవారనే నిర్వచిస్తుంది. వధూవరుల్లో కనీసం ఒకరు అలాంటివారైతేనే ఆ చట్టం కింద పెళ్లి జరుగుతుంది. పెళ్లికి ముందు అయ్యగారు బాప్తిస్మ పత్రం అడిగేది ఇందుకే.

ఫలితంగా చాలా కుటుంబాలు ఆదివారం ఒక ఒప్పుకోలు, కాగితం మీద మరో ఒప్పుకోలుతో జీవిస్తున్నాయి. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతమే. చర్చిల్లో కనిపించే హాజరుకు, ఈ అంకెకు పొంతన కుదరకపోవడానికి పెద్ద కారణం ఇదే. దీన్ని కేవలం కపటమని కొట్టిపారేయడం తొందరపాటు. నోటితో ఒప్పుకొమ్మని సంఘం అడుగుతున్నప్పుడు, ఒప్పుకున్నందుకు కుల రక్షణను చట్టం తీసేస్తున్నప్పుడు, ఆ భారమంతా పడేది పేద కుటుంబం మీదే.

కొన్ని సంఘాలు ఇప్పుడు బాప్తిస్మానికి ముందు అభ్యర్థి చేత, తాను ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా స్వేచ్ఛగా ఈ నిర్ణయం తీసుకుంటున్నానని రాతపూర్వకంగా సంతకం చేయిస్తున్నాయి. పెళ్లి కోసం హడావిడిగా బాప్తిస్మం అడిగేవారిని కొన్ని నెలలు ఆగమంటున్నాయి. బాప్తిస్మం తర్వాత కుల ధ్రువీకరణ విషయంలో ఏం మారుతుందో ముందే చెప్పే పాస్టర్లు కూడా ఉన్నారు. అలా చెప్పిన చోట, నీళ్ల ఒడ్డున అడిగే "నమ్ముతున్నావా" అన్న ప్రశ్నకు జవాబిచ్చేవారికి ఆ జవాబు వల్ల ఏం వస్తుందో, ఏం పోతుందో రెండూ తెలిసే ఉంటాయి.